చేబదులు

మా అమ్మ పొదుపు సంఘానికి మొదటి లెక్కలు రాసింది నేనే. 1995లో, నాకు పదకొండేళ్ళప్పుడు. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, కలిగిరి దగ్గర ఒక చిన్న ఊరు. సంఘంలో పదిహేను మంది ఆడవాళ్ళు. అందరూ సంతకం పెట్టగలరు, కొందరు కూడబలుక్కుని చదవగలరు, గడులు గీసి కూడికలు వేయడం మాత్రం ఎవరికీ రాదు. "నీ కూతురి చేతిరాత బాగుంటుంది, ఆ పిల్ల చేత రాయించు" అని అమ్మతో ఎవరో అన్నారట. ఆ నెల నుంచి ప్రతి ఐదో తేదీ సాయంత్రం రామాలయం అరుగు మీద, లాంతరు పక్కన నాకొక చోటు ఏర్పడింది.

మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం అమ్మ ట్రంకుపెట్టె అడుగున దొరికింది. ఎర్ర అట్ట, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, పైన 'శ్రీరామ' అని నా గుండ్రటి అక్షరాలు. చెదలు పట్టకుండా మధ్యలో వేపాకులు పెట్టింది అమ్మ. అవి పొడి అయిపోయాయి కానీ వాసన ఇంకా ఉంది. నా వేళ్ళు వాటంతటవే 1997 ఆగస్టు పేజీ దగ్గరకు వెళ్ళాయి. అమ్మ కూడా అదే పేజీ కోసం చూస్తోందని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

ఆ పేజీ సంగతి చెప్పే ముందు సంఘం సంగతి కొంత చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఊళ్ళో సాయంత్రమైతే మగవాళ్ళు సారా దుకాణం దగ్గర, ఆడవాళ్ళు ఖాళీ పొయ్యి దగ్గర. 1991లో అక్షర దీపం రాత్రి బడులు మొదలయ్యాక, వాచకంలో సారా గురించిన పాఠం చదివి ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాకు దగ్గరలోని దూబగుంటలో రోసమ్మగారూ తోటి ఆడవాళ్ళూ సారా దుకాణాన్ని మూయించారన్న కబురు గాలిలా వచ్చింది. తర్వాత మా ఊళ్ళోనూ చీపుళ్ళూ కారప్పొడీ బయటికి వచ్చాయి. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. ఇంట్లో మిగిలిన ఆ డబ్బు మళ్ళీ ఎటూ పోకుండా చూసుకోవడానికి వచ్చిందే పొదుపు. రోజుకు ఒక రూపాయి. నెలకు ముప్పై. పదిహేను మందికి నాలుగు వందల యాభై. రేకుపెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో.

ఊళ్ళో వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి నెలకు ఐదు రూపాయలు. సంఘంలో రెండు. ఆ రెండు కూడా తిరిగి సంఘానికే వస్తుంది. ఇది అర్థమైన రోజు వాళ్ళ ముఖాల్లో కనిపించిన వెలుగు నాకు బాగా గుర్తుంది. మా డబ్బుకు మేమే షావుకార్లం అని కాలనీ నుంచి వచ్చే ఒక అవ్వ అరుగు కింది మెట్టు మీద కూర్చుని నవ్వింది. మరుసటి ఏడాదికి ఆ అవ్వ పై మెట్టు మీద కూర్చుంది. మా ఊళ్ళో అది చిన్న విషయం కాదు.

1997 జనవరిలో బ్యాంకు మొదటిసారి సంఘానికి ముప్పై వేలు ఇచ్చింది. ఆరుగురు తలా ఐదు వేలు తీసుకున్నారు. నెలకు రెండు వందల యాభై చొప్పున ఇరవై కంతులు, వడ్డీ వేరు. బ్యాంకు రాసుకున్నది మాత్రం ఆరుగురి పేర్లు కాదు, సంఘం పేరు. ఒక్కరి కంతు ఆగినా పదిహేను మందికీ తర్వాతి అప్పు ఆగిపోతుంది. ఆ మాట బ్యాంకులో అందరినీ నిలబెట్టి చెప్పారు. అందరూ తలూపారు.

ఆ ఆరుగురిలో ఒకరు మా చివరింటి పిన్ని. సొంత పిన్ని కాదు, అమ్మను అక్కా అని పిలిచేది కనుక నాకు పిన్ని. కమ్మలు తాకట్టు పెట్టి ఆ డబ్బు, ఈ ఐదు వేలు కలిపి ముర్రా గేదెను కొన్నది. దాన్ని తోలుకొచ్చిన రోజు ఊరంతా వెళ్ళి చూశాం. నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములు జంతికల్లా చుట్టుకుని ఉన్నాయి. పిన్ని దాని నుదుట కుంకుమ పెట్టి, నీళ్ళు వారపోసి లోపలికి తీసుకెళ్ళింది. ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆరు కంతులు ఒక్కరోజు కూడా తప్పకుండా కట్టింది. ఐదో తేదీ రాకముందే డబ్బు కొంగున ముడివేసి ఉండేది.

ఆగస్టులో గేదె చచ్చిపోయింది. గొంతువాపు. సాయంత్రం మేత ముట్టలేదు, రాత్రికి గొంతు కింద వాచింది, గురక, తెల్లవారేసరికి లేదు. వానలకు ముందు పశువుల ఆసుపత్రి నుంచి వచ్చి ఊరందరి గొడ్లకూ ఆ టీకా వేసి వెళ్ళారు. పిన్ని వేయించలేదు. టీకా వేస్తే వారం రోజులు పాలు తగ్గుతాయని ఎవరో చెప్పారు. వారం పాలు తగ్గితే కంతుకు డబ్బు తగ్గుతుందని భయపడింది. కంతు కట్టడం కోసమే టీకా మానుకున్నది. నేను పెద్దయ్యాక ఈ ఒక్క విషయం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను. తప్పు ఆమెదే. ఆ తప్పు చేసింది మాట నిలబెట్టుకోవడం కోసం.

ఆ నెల ఐదో తేదీ పిన్ని అరుగు దగ్గరకు రాలేదు. అమ్మ నన్ను పంపింది. నేను వెళ్ళేసరికి ఖాళీ కట్టుకొయ్య దగ్గర కూర్చుని ఉంది. పలుపుతాడు చుట్టలు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. "నేను రాను, మీ అమ్మకు చెప్పు" అంది. అమ్మే స్వయంగా వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆ రాత్రి జరిగిన మాటలు ఇంత స్పష్టంగా ఎందుకు గుర్తున్నాయంటే, తీర్మానాల పుస్తకంలో రాయాల్సింది నేను కనుక. ఎదురింటి అత్త మొదలుపెట్టింది. "చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత. టీకా వేయించుకోమని దండోరా వేశారా లేదా? నా గొడ్డుకు నేను వేయించుకున్నాను. పోయినేడు నాకు జ్వరం వస్తే, ఆ జ్వరంతోనే వేరుశనగ పీకి కంతు కట్టాను. అప్పుడు నాకెవరు కట్టారు?"

ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. అత్త చెప్పింది నిజం. ఆమె జ్వరంతో పొలంలో కూర్చుని కాయలు కోస్తుంటే నేను కళ్ళారా చూశాను. ఆ రోజుల్లో నాకు అత్త మీద కోపం వచ్చింది. ఇప్పుడు రాదు. తన వంతు తాను మోసినవాళ్ళకు అడిగే హక్కు ఉంటుంది. ఆమె కష్టాన్ని మేమెవరం సరిగ్గా గుర్తించలేదని కూడా ఇప్పుడు అనిపిస్తుంది.

అటువైపు నుంచి అవ్వ అంది, "పాపం, కొట్టేద్దాం. రేకుపెట్టెలో డబ్బుంది కదా, అందులోంచి కట్టి ఆ బాకీ చెరిపేద్దాం." నలుగురైదుగురు అవునన్నారు. నేను కూడా మనసులో అవుననుకున్నాను.

అమ్మ రెంటికీ ఒప్పుకోలేదు. "చెరిపేస్తే వచ్చే నెల తను ఈ అరుగు ఎక్కదు. నేనైనా ఎక్కను. మనం కడదాం. ఎన్నాళ్ళంటే, తను మళ్ళీ పనిలో నిలదొక్కుకునేదాకా. కానీ బాకీ తనదే." తర్వాత పిన్ని వైపు తిరిగి, "ఏం చెల్లీ, నువ్వేమంటావు?" అని అడిగింది. అప్పటిదాకా ఆ రాత్రి పిన్నిని ఎవరూ ఏమీ అడగలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆమె గురించి మాట్లాడుతున్నారు, ఆమెతో కాదు.

పిన్ని ఒక్క మాటే అంది. "నా పేరు తీసేయకండక్కా."

లెక్క నేనే వేశాను. రెండు వందల యాభైని పద్నాలుగు మందికి పంచితే తలకు పద్దెనిమిది, పైన రెండు రూపాయలు మిగులుతుంది. అప్పట్లో మా వైపు ఆడకూలి రోజుకు ఇరవై ఐదు. వడ్డీ మాత్రం సంఘం నిధిలోంచి. ఇవన్నీ రాసి, చివర 'వివరం' అనే గడిలో 'గేదె చనిపోయినందున' అని రాశాను. అమ్మ లాంతరు దగ్గరగా తెచ్చి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"కారణం రాయకు" అంది.

"ఎందుకమ్మా? నిజమే కదా?"

"నిజమే. కానీ రేపు ఎవరు ఈ పుస్తకం తెరిచినా ముందు ఆ కారణమే చదువుతారు. జాలిపడతారు. లేకపోతే టీకా ఎందుకు వేయించలేదని అడుగుతారు. బాకీ అని రాయి, చాలు. మన పద్నాలుగు మందిదీ వేరే పేజీలో రాయి. దాని పైన చేబదులు అని రాయి."

చేబదులు అంటే అందరికీ తెలిసిందే. ఉప్పో పంచదారో గిన్నెతో తెచ్చుకుని, ఉన్ననాడు ఆ గిన్నెతోనే తిరిగి పంపడం. దానికి వడ్డీ ఉండదు, పత్రం ఉండదు, ఇచ్చినవాళ్ళు గుమ్మం ముందుకు వచ్చి అడగరు. అయినా తీసుకున్నవాళ్ళు మరచిపోరు. బ్యాంకు కాగితాల్లో ఎక్కడా లేని ఆ మాటను నేను గులాబీ రంగు స్కెచ్ పెన్నుతో రాసి కింద గీత గీశాను. 'గేదె చనిపోయినందున' అన్నదాన్ని బ్లేడుతో గీకేశాను. కాగితం అక్కడ పల్చబడి, ఇప్పుడు వెలుతురుకు పెడితే చిన్న కిటికీలా కనిపిస్తుంది.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఎదురింటి అత్త ప్రతి నెలా గొణుక్కుంటూనే పద్దెనిమిది రూపాయలు ఇచ్చింది, ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. అక్టోబరులో తన పెయ్యదూడను సగం వాటాకు పెంచమని పిన్ని కట్టుకొయ్యకు తెచ్చి కట్టింది. "మా ఇంట్లో మేపేవాళ్ళు లేరు, అందుకే" అంది. వాళ్ళింట్లో మేపేవాళ్ళు ఉన్నారు. ఈశాన్య రుతుపవనాల వానలకు పెన్నా డెల్టాలో నాట్లు మొదలవగానే పిన్నీ చిన్నాన్నా కొడవలూరు వైపు వెళ్ళి, నెల రోజులు నీళ్ళలో నిలబడి నాట్లు వేసి వచ్చారు. డిసెంబరు ఐదో తేదీన పిన్ని కొంగుముడి విప్పి రెండు వందల యాభై అరుగు మీద పెట్టింది. కాలి వేళ్ళ సందులు ఒరిసిపోయి, పసుపు నూనె రాసుకుని ఉంది. అందరూ ఆ డబ్బు వైపు చూస్తుంటే నేను ఆ కాళ్ళ వైపు చూశాను. అదే రోజు సంఘం ఇంకో తీర్మానం చేసింది. గొడ్డుకు అప్పు తీసుకున్నవాళ్ళు వానలకు ముందు టీకా వేయించి ఆ సంగతి సమావేశంలో చెప్పాలి. ఆ తీర్మానం ప్రతిపాదించింది పిన్ని.

బ్యాంకు అప్పు అనుకున్న నెలకే తీరింది. చేబదులు మాత్రం 1999 ఫిబ్రవరిలో తీరింది. నేను పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్నాను. పిన్ని అరుగు మీద తుండుగుడ్డ పరిచి పద్నాలుగు కుప్పలు పెట్టింది. ఒక్కో కుప్పలో డెబ్బై రెండు రూపాయలు. కొన్ని కుప్పల్లో నోట్లు, కొన్నింట్లో అంతా చిల్లరే. వద్దులే అని ఇద్దరు ముగ్గురు అన్నారు. అమ్మ వాళ్ళ వైపు చూసిన చూపుకు మళ్ళీ మాట్లాడకుండా తీసుకున్నారు. ఆ మధ్యలో అవ్వ చనిపోయింది. ఆమె కుప్పను పిన్ని కాగితంలో పొట్లం కట్టి, కాలనీకి వెళ్ళి అవ్వ కోడలి చేతిలో పెట్టి వచ్చింది. వచ్చాక నా పక్కన కూర్చుని, "ఇప్పుడు కొట్టెయ్యి తల్లీ" అంది. స్కేలు పెట్టి గీత గీశాను. గీత పొడుగునా పిన్ని వేలు స్కేలుతో పాటే కదిలింది.

ఇక్కడితో ఆపితే ఈ జ్ఞాపకం అందంగా ఉంటుంది. కానీ అమ్మ పెట్టెలో ఉన్నది ఈ ఒక్క జ్ఞాపకమే కాదు.

2007, 2008 నాటికి మా ఊళ్ళకు ప్రైవేటు అప్పుల కంపెనీలు వచ్చాయి. వాళ్ళు కూడా సంఘాలే అన్నారు, ఒకరికొకరు హామీ అన్నారు. వారం వారం కంతు, యాభై వారాలు. మంగళవారం పొద్దున ఏడింటికి చాప పరిచి వరుసల్లో కూర్చోబెట్టి, ప్రతిజ్ఞ చదివించి, డబ్బు లెక్కపెట్టుకుని అరగంటలో వెళ్ళిపోయేవారు. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు కోసం అమ్మ కూడా తీసుకుంది. ఆ వరుసలోనే పడమటి వీధి కొత్తకోడలు ఒకామె ఉండేది. ఇద్దరు పిల్లలు, చిన్నది చంకన. భర్త చెన్నైలో కట్టడాల పనికి వెళ్ళి డబ్బు పంపడం మానేశాడు. ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీలో తీసుకుంది, దానికోసం మూడోదాంట్లో. హామీ సంతకం చేసిన రోజు అమ్మ ఆ సంగతి అడగలేదు. అడిగే తీరిక ఆ అరగంటలో లేదు అని నేనంటాను. అమ్మ అనదు.

రెండు వారాలు ఆమె కంతు రాలేదు. మూడో మంగళవారం, ఆ డబ్బు వచ్చేదాకా ఎవరూ చాప మీద నుంచి లేవకూడదన్నారు. ఆరోజు కూలి పోయింది అందరికీ. సాయంత్రం పదిమంది కలిసి ఆమె ఇంటికి వెళ్ళి గుమ్మం ముందు కూర్చున్నారు. ఆ పదిమందిలో మా అమ్మ ఉంది.

ఇది అమ్మ నాకు చెప్పింది చాలా ఏళ్ళ తర్వాత. నేను అప్పుడు నెల్లూరులో ఉద్యోగంలో ఉన్నాను, నాకేమీ తెలియదు. "ఆ అమ్మాయి లోపల దీపం ఆర్పేసింది. ఇంట్లో లేనట్టు. చిన్నపిల్లకు దగ్గు. ఆ చీకట్లోంచి దగ్గు వినపడుతూనే ఉంది. తను పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టినట్టుంది, దగ్గు మధ్యమధ్యలో ఆగిపోయేది. తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. నేనూ కూర్చున్నాను." రెండు రోజులకు ఆ ఇంటికి తాళం పడింది. పిల్లలతో ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలియలేదు. మరుసటి ఏడాది, 2010 అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వారం కంతులనూ ఇళ్ళ మీదకు వచ్చి వసూలు చేయడాన్నీ ఆపింది. అప్పటికి ఆ తాళం తుప్పు పట్టింది.

నేను అమ్మ తరఫున వాదించాను. రామాలయం అరుగు మీద డబ్బు మీది, ఆలోచించుకోవడానికి ఒక రాత్రి ఉంది, అడగడానికి ఒకరికొకరు ఉన్నారు. ఇక్కడ డబ్బు ఎవరిదో, గడియారం ఎవరిదో. ఒకరికొకరు పూచీ అన్న మాట ఒకటే అయినా, ఒక చోట అది ఊతకర్ర, ఇంకో చోట దుడ్డుకర్ర అయింది. కర్ర నువ్వు చేసింది కాదు కదమ్మా అన్నాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అమ్మ వింది. "నువ్వన్నది నిజమే. కానీ నన్నెవరూ ఎత్తుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టలేదు. నా కాళ్ళతో నేను నడిచి వెళ్ళాను. ఆ దగ్గు వినపడ్డాక కూడా లేచి రాలేదు. ఏం చెల్లీ నువ్వేమంటావు అని తలుపు తట్టి అడగలేదు" అంది.

మొన్న సంక్రాంతికి ఎర్ర అట్ట పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచి ఉంది. 1997 పేజీని అమ్మ వేలితో తడిమింది, కాగితం పల్చబడిన చోట కాసేపు ఆగింది. చివర్లో తెల్ల పేజీలు ఇంకా చాలా మిగిలాయి. వాటిలో ఒకటి తిప్పి, "పెన్ను తీసుకో" అంది.

గడులు గీశాను. చేతికి అలవాటు పోలేదు. తేదీ రాశాను. పడమటి వీధి అమ్మాయి పేరు చెప్పింది, రాశాను.

"బాకీ అని రాయి."

"ఆమె బాకీయా?"

"కాదు. ఆమెకు నా బాకీ."

అమ్మ పేరు రాశాను. మొత్తం గడి దగ్గర ఆగి ఆమె వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది. దాన్ని ఖాళీగా వదిలేసి పక్క గడికి వచ్చాను.

"వివరం?"

"కారణం రాయకు" అంది అమ్మ.